ఊడిన పెచ్చును తిప్పి చూడండి

సంపాదకులకు నమస్కారం.

దసరా, సంక్రాంతి దగ్గర పడగానే పత్రికల ఇంటి పేజీల్లో 'మీ గదికి మీరే రంగులు వేసుకోండి' అనే వ్యాసాలు వస్తుంటాయి. ఏ గదికి ఏ రంగు నప్పుతుందో, దానికి ఏ కర్టెన్ కలుస్తుందో చక్కగా చెబుతారు. గోడ గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. సొంతంగా వేసుకున్న రంగు ఏడాది తిరక్కుండా ఊడిందంటే చాలాసార్లు తప్పు రంగుది కాదు, దాని కిందున్న దానిది. డబ్బు పోవడం ఒక ఎత్తు, సెలవు రోజులన్నీ పెట్టి చేసిన పని కళ్లముందే రాలిపోవడం ఇంకో ఎత్తు. అందుకే రంగుల పని తెలిసినవాళ్లంగా ఇది రాస్తున్నాం.

రంగు ఊడినప్పుడు అందరూ చేసేది పెచ్చులు ఊడ్చేసి, ఆ గుంటలో కాస్త లప్పం (పుట్టీ) పెట్టి, పైన మళ్లీ రంగు పులమడం. మళ్లీ అక్కడే ఊడుతుంది. పారేసే ముందు ఒక పెచ్చును వేళ్లతో తీసి వెనక్కి తిప్పి చూడండి. జరిగిన తప్పేమిటో ఆ వెనకవైపే ఉంటుంది.

మెత్తటి తెల్ల పొడి అంటుకుని, వేలితో రుద్దితే రాలుతోందంటే కింద పాత సున్నం గానీ, పొడిబారిన డిస్టెంపర్ (నీళ్లతో కలిపే చవక రంగు) గానీ ఉన్నట్టు. పెచ్చు లప్పంతో సహా పలకలా లేచి, వెనక సిమెంటు దుమ్ము కనబడితే లప్పం గోడను పట్టుకోలేదని అర్థం. పెచ్చు పాలిథిన్ కాగితంలా పలచగా సాగుతూ వచ్చి, గోడ మీద పాత రంగు నున్నగా మెరుస్తుంటే ఎనామిల్ (మెరిసే నూనె రంగు) మీదో, వంటింటి నూనె జిడ్డు మీదో గరుకు పెట్టకుండా వేశారన్నమాట. వెనక సన్నటి తెల్లని పలుకులు మెరుస్తూ, ఉప్పులా ఉన్నాయంటే (రుచి చూడొద్దు, చూపు చాలు) గోడలో నీరుంది. ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు మందులు. అన్నిటికీ ఒకే లప్పం పెట్టడంతోనే పని చెడుతోంది.

నీటి సంగతి ముందు చెప్పాలి, ఎక్కువ ఇళ్లలో నష్టం అక్కడే. ఇటుకలో, ఇసుకలో, గోడలు తడపడానికి వాడిన ఉప్పునీటి బోరులో ఉన్న లవణాలు చెమ్మతో పాటు పైకి వస్తాయి. నీరు ఆరిపోతుంది, ఉప్పు పూత వెనకే గడ్డకట్టి దాన్ని బయటికి తోస్తుంది. ఎంత ఖరీదైన రంగైనా ఆ ఒత్తిడికి నిలవదు. చెమ్మ ఎక్కడిదో దాని ఎత్తును బట్టి చాలావరకు పోల్చుకోవచ్చు. గచ్చు నుంచి రెండు మూడడుగుల దాకా పట్టీలా ఉంటే నేలలోంచి పునాది గుండా ఎక్కుతున్నది. పైకప్పు అంచున ఉంటే స్లాబుదో, పిట్టగోడ మొదట్లో పడిన బీటదో. గోడ మధ్యలో మచ్చలా ఉంటే అవతల బాత్రూం టైల్స్ సందులు, లేదా గోడలో పైపు. కిటికీ కింది మూలల్లో ఉంటే ఫ్రేముకీ గోడకీ మధ్య సందులోంచి వాన నీరు దిగుతోంది.

అనుమానం తీరాలంటే అడుగున్నర చదరం పాలిథిన్ కాగితాన్ని గోడకు ఆనించి, నాలుగు వైపులా గాలి పోకుండా టేపు వేసి, ఒక రోజంతా ఉంచండి. మర్నాడు కాగితం లోపలివైపు, అంటే గోడవైపు, చెమట పట్టి ఉంటే రంగు డబ్బా మూత తీయొద్దు. ముందు నీటి దారి మూయాలి. ఆ తర్వాత ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపాలి. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. వేలి కణుపుతో తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చినంత మేర ప్లాస్టరు చెక్కేసి కొత్తగా పూయాలి. కొత్త ప్లాస్టరు మీద కనీసం 28 రోజులు ఆగాలి, అది కూడా గోడ పూర్తిగా ఆరితేనే. తొందరపడితే పచ్చి సిమెంటులోని క్షారం రంగును తినేసి, గోడ మచ్చలు మచ్చలుగా వెలిసిపోతుంది. నీరు దిగుతున్న గోడకు లోపలివైపు చెమ్మ నిరోధక పూతలు వేసి ఊరుకోవడం మాకు నచ్చదు. నీరు ఇంకో దారి చూసుకుని పక్క గదిలో తేలుతుంది.

కాలం కూడా చూసుకోవాలి. దసరా నాటికి గోడలు నాలుగు నెలల వానకు నాని ఉంటాయి. నెల్లూరు, తిరుపతి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలే. పండుగకు రంగులు వేయాలన్న ఆశ మాకు తెలియనిది కాదు, కానీ చెమ్మ ఎక్కిన ఇంటికి ఫిబ్రవరి, మార్చి నెలలే మంచివి. నడి వేసవిలో మళ్లీ వేరే చిక్కు. పడమటి ఎండ తగిలే గోడ మీద రోలర్ వెనకే రంగు ఆరిపోయి గీతలు పడతాయి. ఆ గోడను పొద్దున్నే ముగించాలి.

సున్నం గోడైతే అరచేత్తో గట్టిగా రుద్ది చూడండి. చెయ్యి తెల్లబడితే ఆ పొర మొత్తం గీకేయాల్సిందే, రంగుకు ముందు వేసే ప్రైమర్ పూత దాన్ని కాపాడలేదు. గీకే ముందు గోడ తడిపితే పొర సులువుగా లేస్తుంది, దుమ్మూ తక్కువ.

ఇక లప్పం. తెల్ల సిమెంటు లప్పం సిమెంటు లాంటిదే, గట్టిపడటానికి దానికి నీరు కావాలి. ఎండు గోడకు పెడితే గోడే ఆ నీరు పీల్చేసుకుంటుంది, లప్పం పిండిగా మిగులుతుంది. అందుకే ముందు గోడను తడపాలి, నీరు కారేలా కాదు, తేమ పట్టేలా. అక్రిలిక్ లప్పానికి మాత్రం ఈ తడి అక్కర్లేదు, సంచి మీద ఏ రకమో చూసుకోండి. కిలో పొడికి దాదాపు 350 నుంచి 400 మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లలో పొడిని కొద్దికొద్దిగా వేస్తూ ఉండలు లేకుండా ఐదు పది నిమిషాలు కలపాలి. సంచంతా ఒకేసారి కలపొద్దు, గంటన్నరలో పట్టగలిగినంతే కలపండి. బిగుసుకున్న లప్పంలో మళ్లీ నీళ్లు పోసి మెత్తబరచడం పెద్ద తప్పు, అది ఇక గట్టిపడదు. రెండు పూతలూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు. పెద్ద గుంటలు దీంతో పూడ్చితే ఆరాక బీటలిస్తుంది, వాటికి సిమెంటు మాలే వేయాలి. మర్నాడు గోరుతో గీరండి. సన్నటి గీత పడితే మంచిదే. పొడి రాలితే గీకేసి మళ్లీ పెట్టుకోవడమే.

లప్పం ఆరాక రుద్దడానికి మొదట 180 నంబరు ఎమ్రీ పేపర్ (గరుకు కాగితం), చివరికి 320. ముక్కుకు మాస్కు తప్పనిసరి. రుద్దాక మిగిలిన దుమ్మును చాలామంది వదిలేస్తారు. తడి పిండిన గుడ్డతో గోడంతా తుడిచి, ఆరాక నల్ల గుడ్డతో ఒకచోట రుద్ది చూడాలి. దాని మీద తెలుపు కనబడితే ఇంకా తుడవాలి, ఆ దుమ్ము మీద వేసిన ప్రైమర్ దుమ్మునే పట్టుకుంటుంది, గోడను కాదు.

ఎంత రంగు కొనాలన్నది చిన్న లెక్క. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గదికి చుట్టుకొలత 44 అడుగులు, గోడలు 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే సుమారు 400. బాగా తయారైన గోడ మీద ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడ రంగు) లీటరుకు రెండు పూతలకు దాదాపు 100 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. అంటే మూడు నుంచి నాలుగు లీటర్లు. ఒకేసారి కొని, డబ్బాలన్నీ పెద్ద బకెట్‌లో కలిపేసుకోండి. మిషను మీద కలిపిన రంగు ఒక్కో డబ్బాకు పిసరంత తేడా రావచ్చు, గోడ సగంలో డబ్బా మారితే ఆ తేడా పట్టిచూపినట్టు ఉంటుంది. నీళ్లు కంటి అంచనాతో పోయొద్దు. డబ్బా మీద 40 శాతం అని ఉంటే లీటరు రంగుకు 400 మిల్లీలీటర్లు, మంచినీళ్ల సీసాకు గీతలు గీసుకుంటే చాలు. పొదుపు కోసం నీళ్లెక్కువ పోస్తే మూడో పూత వేయాల్సి వస్తుంది.

పైకప్పుతో మొదలుపెట్టి గోడలకు రండి, తలుపులు ఆఖరున. అంచులకు ముందు బ్రష్‌తో వేస్తారు కదా, నాలుగు గోడల అంచులూ ఒకేసారి వేసేయకండి. అంచు ఆరిపోయాక రోలర్ తిప్పితే గోడ చుట్టూ ఫ్రేము కట్టినట్టు చార కనబడుతుంది. ఒక గోడ అంచు, వెంటనే ఆ గోడ. ఫ్యాను ఆపేయండి. మధ్యలో టీకి లేవకండి, గోడ పూర్తయ్యాకే లేవండి. అంచులకు అంటించిన టేపును ఆఖరి పూత పూర్తిగా ఆరకముందే తీయాలి, ఆరాక లాగితే రంగు కూడా వచ్చేస్తుంది.

షేడ్ కార్డు మీది రంగు నాలుగు గోడలకూ ఎక్కాక ముదురుగా కనిపిస్తుంది. రెండడుగుల చదరంలో రెండు పూతలు వేసి, పొద్దునా సాయంత్రం ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చూసి తేల్చుకోండి.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదన్న కేంద్ర నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందు తలుపులకు, కిటికీలకు, గ్రిల్స్‌కు వేసిన ఎనామిల్‌లో సీసం ఉండి ఉండొచ్చు. దాన్ని పొడిగా రుద్దితే లేచే దుమ్ము పిల్లలకు, గర్భిణులకు చాలా ప్రమాదం. తడి పేపర్‌తోనే రుద్దండి, కింద పట్టా పరవండి, పిల్లల్ని ఆ రోజు ఇంట్లో ఉంచకండి. రాలినదాన్ని తడిగుడ్డతో ఎత్తండి, చీపురు పట్టొద్దు. మిషను పెట్టి రుద్దడం, మంటతో కాల్చి గీకడం అసలే వద్దు. పండుగ హడావుడిలో పిల్లల చేతికి ఎమ్రీ పేపర్ ముక్క ఇచ్చి సరదాగా రుద్దిస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి.

తమరిని కోరేది ఇది. వచ్చే పండుగకు వేసే ఇంటి పేజీలో, అందమైన గది ఫొటో పక్కన పాలిథిన్ పరీక్షకు, అరచేతి పరీక్షకు కాస్త చోటివ్వండి. రంగుల కంపెనీలు కూడా కలిపే కొలతలు, ఆరే గంటలు డబ్బా మీద తెలుగులో, కళ్లజోడు లేకుండా చదవగలిగేంత అక్షరాల్లో వేయాలని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాం.

– కొందరు రంగుల మేస్త్రీలు, తెనాలి