కొన్న వేషానికే ప్రైజు ఎందుకండీ?

సంపాదకుడు గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ ప్రవాసుల పేజీలో జంటలకి హాలోవీన్ డ్రెస్సుల ఐడియాలు అని వేశారు కదా, అదే, అక్టోబర్ 31న ఇక్కడ అందరూ వేషాలు వేసుకుని, పిల్లలు ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు అడిగే పండగ, ఫొటోలు బానే ఉన్నాయి గానీ మొత్తం చదివితే అన్నీ కొనుక్కునేవే, ఇది ఇంత అది ఇంత అని. మేం న్యూజెర్సీలో ఉంటాం, వచ్చిన కొత్తలో మేమూ అలాగే రాజు రాణి సెట్టు కొన్నాం, ఇద్దరికీ కలిపి తొంభై డాలర్లు, అంతా పల్చటి పాలిస్టర్, ఒక్క సాయంత్రానికే మా ఆయనది చంకల దగ్గర పిగిలిపోయింది, ఎవరికైనా ఇద్దామన్నా పనికిరాక చెత్తలో పడేశాం. డాలర్లని రూపాయల్లో లెక్కేయకు అంటారు ఆయన, నేను వేస్తాను.

అసలు ఈ వేషాలు కొనే అలవాటు తర్వాత వచ్చిందే. వెనకటికి ఐర్లండ్, స్కాట్లండ్ వైపు పిల్లలు ఇంట్లో ఉన్న పాత బట్టలే తగిలించుకుని మొహాలకి మసి పూసుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్ళట. అమెరికాలో కూడా డెనిసన్ అనే కాగితం కంపెనీ 1909లో మొదలుపెట్టి, రంగు ముడతల కాగితంతో ఇంట్లోనే వేషాలు ఎలా చేసుకోవాలో చెప్పే చిన్న పుస్తకాలు వేసింది, వాళ్ళ కాగితం అమ్ముకోడానికే అనుకోండి, అయినా చేసుకున్నది మాత్రం ఇంట్లోనే కదా.

మా ఇంట్లో బాగా కుదిరింది దిష్టిబొమ్మా కాకీ. ఇక్కడి వాళ్ళకి స్కేర్‌క్రో అంటే చెప్పక్కర్లేదు, మన వాళ్ళకి అసలే చెప్పక్కర్లేదు. మా ఆయనకి చిరిగిన గళ్ళ చొక్కా, లుంగీ, నెత్తిన బాస్మతి బియ్యం వచ్చిన గోనెసంచి కోసి కుట్టిన టోపీ, ఆ గోనె పోగులే లాగి చేతుల దగ్గరా మెడ దగ్గరా గడ్డిలాగా వేలాడదీశాను, మొహానికి తెల్ల చుక్కలూ నల్ల చుక్కలూ. మాస్కు వద్దన్నాను, మెట్లు కనపడవు. నేను కాకిని, నల్ల స్వెట్‌షర్టు, అట్టముక్కతో ముక్కు, చెత్త సంచులు పీలికలుగా కత్తిరించి రెక్కలు. ఖర్చు మొత్తం నాలుగు డాలర్లు, అది కూడా ఫేస్ పెయింటుకే. మా పక్కింటి పిన్నిగారు చూసి ఇతన్ని రేపు కూడా గుమ్మం ముందే నిలబెట్టమ్మా, కొత్త ఇల్లు కదా అన్నారు.

ఐతే ఆ సంవత్సరం 2024, దీపావళీ హాలోవీనూ రెండూ అక్టోబర్ 31నే వచ్చాయి, గుర్తుండే ఉంటుంది. గుమ్మంలో ఓ పక్క గుమ్మడికాయ, ఇంకో పక్క నూనె దీపాలు, నేను చాక్లెట్లు ఇవ్వడానికి వంగితే రెక్క చివర దీపానికి తగిలి ప్లాస్టిక్ సర్రున ముడుచుకుపోయింది, మా ఆయన టక్కున లాగేశారు కాబట్టి చెయ్యి కాలలేదు. ఆ రాత్రే దీపాలు లోపల దేవుడి గూట్లోకి మార్చి బయట బ్యాటరీవి పెట్టాం. ఇప్పుడు రెక్కలు పాత నూలు చున్నీలతో, అవీ పొట్టిగా, ఒంటికి అతుక్కున్నట్టు, నూలైనా అంటుకుంటుంది కదా, దీపం దగ్గరికి మాత్రం పోను. ఇంకోటి, ఆ రోజుల్లో మా దగ్గర ఆరింటికల్లా పొద్దు గూకుతుంది, నల్ల కాకి రోడ్డు దాటుతుంటే కారు వాడికి ఏం కనపడుతుంది, అందుకని వీపు మీద మెరిసే టేపు అంటించుకుంటున్నాను. ఇలాంటివి మీ ఐటంలో ఒక్క ముక్కైనా ఉంటే బాగుండేది.

మా ఫ్రెండ్సు ఇంకో జంట ఆవకాయ జాడీ, ముద్దపప్పు వేశారు, ఆవిడ అట్టపెట్టెకి సగం మీగడ రంగు సగం గోధుమ రంగు వేసుకుని నెత్తిన తెల్ల గుడ్డ వాసెన కట్టుకుంది, ఆయన పసుప్పచ్చ దుప్పటి. తెల్లవాళ్ళకి అర్థమయ్యేటట్టు చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది గానీ మన వాళ్ళు పడీ పడీ నవ్వారు. ఇంకొకరు చిలక జోస్యం, మొగుడు చిలక పెళ్ళాం జోస్యురాలు, పిల్లలకి చాక్లెట్టుతో పాటు ఓ చీటీ. గంగిరెద్దు వేద్దామని మేమూ అనుకున్నాం, ముందు కాళ్ళు ఒకరు వెనక కాళ్ళు ఒకరు, కానీ అది కొందరికి ఇప్పటికీ కూడు పెట్టే విద్య, దాన్ని నవ్వులకి వాడటం నాకెందుకో మనసొప్పలేదు. షాపుల్లో అమెరికా ఆదివాసుల (మన వాళ్ళు రెడ్ ఇండియన్లంటారే) జంట వేషాల ప్యాకెట్లు అమ్ముతారే, అవి మన వాళ్ళే కొనుక్కుని వేసుకుని తిరగడం చూస్తే ఇంకా చిరాకు.

ఇంతకీ నేను రాసేది ఎందుకంటే, మా దగ్గర ఓ కమ్యూనిటీ హాల్లో ప్రతి అక్టోబర్ జంటల పోటీ పెడతారు, నేను చూసినన్నాళ్ళూ ఫస్టు ప్రైజు ప్యాకెట్ వేషానికే, ఆవకాయ జాడీకి కన్సొలేషన్ కూడా రాలేదు. ఇలాంటివి నడిపే సంఘాల పెద్దలకి మీ పేపర్ ద్వారా ఒకటే మనవి, పది డాలర్లు దాటిన వేషానికి ప్రైజు లేదని రూలు పెట్టండి, లేదంటే ఇంట్లో చేసినవాటికి వేరే ప్రైజు పెట్టండి. పాత డ్రెస్సులు మార్చుకోడానికి హాల్లో ఓ మూల బల్ల వేసినా చాలు. మీరు కూడా ఈసారి కొనే లింకుల బదులు పాఠకులు చేసినవాటి ఫొటోలు అడిగి వేయండి, మా దిష్టిబొమ్మ ఫొటో పంపడానికి నేను రెడీ, మా ఆయన ఒప్పుకోవాలి అంతే.

ఇట్లు
ఒక పాఠకురాలు
ఎడిసన్, న్యూజెర్సీ