ముందే డబ్బులు కట్టిన మా అమ్మ టికెట్ లేని మనిషి ఎట్ల అయితుంది సార్? రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర రైల్వే శాఖ మంత్రి గారికి,

అయ్యా నమస్కారం. నేను తిరుపతిలో ఉంటాను, ఎలక్ట్రికల్ షాపులో పని చేస్తాను. మా అమ్మ, చిన్నమ్మ ఇద్దరూ ఊర్లోనే ఉంటారు, తిరుపతికి రైల్లో గంట ప్రయాణం. ఏ స్టేషనో పేరు రాయడం లేదు, ఎందుకంటే అక్కడ కౌంటర్లో కూర్చునే ఒక్క మనిషి మీదకి ఇది పోకూడదు, ఆయన తప్పేం లేదు ఇందులో. నా గొడవంతా రైలు దిగినాక మా అమ్మ దగ్గర కట్టించుకున్న 520 రూపాయల గురించి, దానికిచ్చిన రసీదు మీద రాసిన రెండక్షరాల గురించి.

అమ్మకి కంటి ఆపరేషన్ అయింది. చెకప్ కి తిరుపతికి రావాల. చిన్నమ్మని తోడు తీసుకొని పొద్దున ప్యాసింజర్ కి వస్తానని చెప్పింది. పెరటాసి (వెంకన్న సామి భక్తులకి ముఖ్యమైన తమిళ నెల) శనివారం అది, మా వైపు ఆ నెల శనివారాలు ఎట్ల ఉంటాయో మీకు ఎవరన్నా చెప్పే ఉంటారు, తిరుమల కొండకి పోయే జనం తెల్లారకముందే స్టేషన్లో నిండిపోతారు. ఆపరేషన్ అయిన కన్నుతో క్యూలో తోపులాట ఎందుకు అని నేనే ఇక్కడి నుంచి మీ రైల్వే యాప్ లో ఇద్దరికీ టికెట్ బుక్ చేసినా. పొద్దున 6 దాటి పది నిమిషాలైంది అప్పుడు, తలకి 10 రూపాయలు, మొత్తం 20, నా ఫోన్లో మెసేజ్ అట్లే ఉంది ఇంకా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాల. ఆ యాప్ లో రెండు రకాలు ఉన్నాయి గదా, ఫోన్లోనే చూపించే టికెట్ ఒకటి, స్టేషన్లో మిషన్ దగ్గరో కౌంటర్లోనో ప్రింట్ తీసుకునే టికెట్ ఒకటి. ఫోన్లో చూపించేది ఏ ఫోన్లో బుక్ చేస్తే ఆ ఫోన్లోనే చూపించాల, ఇంకొకరికి పంపేదానికి లేదు. అమ్మది బటన్ల ఫోను. ఇంగ మాలాంటి వాళ్లకి, ఊర్లో అమ్మనాయన ఉండి కొడుకో కూతురో వేరే ఊర్లో ఉండి బుక్ చేసేవాళ్లకి మిగిలింది ఆ ప్రింట్ టికెట్ ఒక్కటే. బుకింగ్ నంబరు, మొబైల్ నంబరు మిషన్లో కొడితే కాగితం వస్తుంది. పక్కింటి పిల్లోడు నేను ఫోన్లో చెప్తా ఉంటే ఆ రెండు నంబర్లూ క్యాలెండర్ కాగితం చించి వెనకవైపు స్కెచ్ పెన్నుతో ఇంత లావు అంకెలు రాసిచ్చినాడు, అమ్మకి కనపడాలని. అమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి చుక్కల మందు ఉండే సంచిలో పెట్టుకుంది.

స్టేషన్ కి పోతే మిషన్ పని చేయలేదు. స్క్రీన్ నల్లగా ఉంది అంతే. మామూలుగా దాని దగ్గర ఒక పెద్దాయన, రిటైర్ అయిన ఆయన, కూర్చొని టికెట్లు కొట్టిస్తా ఉంటాడు, ఆరోజు ఆయన కూడా లేడు. కౌంటర్ ఒకటే తెరిచినారు, దాని ముందు బయట చెట్టు దాకా లైను. ఇద్దరూ పోయి లైన్లో నిలబడినారు. నల్ల అద్దాలు పెట్టుకున్న ముసలామె కదా అని ఎవరో ఇద్దరు ముందుకి పోనిచ్చినారంట, వాళ్లకి నా దండాలు. ఇంకా నలుగురు ముందుండగా బండి వచ్చేసింది. అమ్మ నాకు ఫోన్ చేసింది, "నాయనా బండి వచ్చేసింది, కాగితం రాలేదు, ఏం చేసేది" అని. "ఎక్కమ్మా, డబ్బులు కట్టేసినాం గదా, ఎవరన్నా అడిగితే ఆ నంబరు చూపియ్యి" అని చెప్పింది నేనే. ఆ మాట నేను చెప్పకపోయింటే ఆమె ఎక్కేది కాదు, ఇంటికి పోయేది. అందుకే నాకు ఇంత బాధ.

దిగిన స్టేషన్లో గేటు దగ్గర టికెట్లు చూసే టీసీ గారు టికెట్ అడిగినారు. అమ్మ క్యాలెండర్ కాగితం తీసి చూపించింది. ఇది టికెట్ కాదమ్మా అన్నారు. చిన్నమ్మ నాకు ఫోన్ కలిపి ఇచ్చింది, నేను మాట్లాడినా, బుకింగ్ టైము చెప్పినా, బ్యాంకు మెసేజ్ చదివినా, సార్ నేను పది నిమిషాల్లో బైకు మీద వచ్చి నా ఫోన్ చూపిస్తా అన్నా. ఆయన మర్యాదగానే మాట్లాడినారు, అబద్ధం చెప్పను. "ప్రింట్ లేకుంటే అది చెల్లదు, యాప్ లోనే రాసుంటుంది చూసుకోండి, నా చేతిలో ఏం లేదు" అన్నారు. ఇద్దరికీ చార్జీ 20, పెనాల్టీ ఒక్కొక్కరికి 250, మొత్తం 520. అమ్మ కొంగుముడి విప్పి ఇచ్చింది, అవి ఆసుపత్రిలో మందులకి తెచ్చుకున్న డబ్బులు. చిన్నమ్మ చెప్తా ఉంది, వెనక జనం ఆగిపోయి చూస్తా ఉన్నారంట, అమ్మ అద్దాలు తీసి కళ్లు తుడుచుకోబోతే కన్ను తాకొద్దక్కా అని చేయి పట్టుకున్నానని.

రసీదు నా దగ్గరుంది. కార్బన్ కాపీ, నీలం రాత. కారణం దగ్గర డబ్ల్యూ.టి అని రెండక్షరాలు రాసినారు. వితౌట్ టికెట్ అని. మా అమ్మకి డెబ్బై దగ్గర, జీవితంలో ఒక్కసారి కూడా కండక్టర్ దగ్గర చిల్లర ఎగ్గొట్టని మనిషి, ఆమె పేరు మీద ప్రభుత్వం కాగితంలో టికెట్ లేకుండా ఎక్కింది అని ఉంది.

తర్వాత వారం రోజులు నాకు నిద్ర పట్టక 1989 రైల్వే చట్టం తీసి చదివినా సార్. నేను లాయర్ ని కాదు, డిగ్రీ మధ్యలో మానేసినోడిని, అయినా చదివితే అర్థమయ్యే మాటలే అవి. సెక్షన్ 50లో ఏముందంటే, ప్రయాణం చేయాలనుకున్న మనిషి చార్జీ కడితే రైల్వే ఉద్యోగి గానీ ఏజెంట్ గానీ టికెట్ ఇవ్వాల అని. మేం కట్టినాం. మీరు ఇవ్వలేదు. అక్కడికి మా పని అయిపోయింది గదా, మిగిలింది మీ పని. సెక్షన్ 138లో పెనాల్టీ గురించి ఉంది, అది అంతకుముందు 50 రూపాయలు ఉండేది, 2004లో కనీసం 250 చేసినారు. టికెట్ కొనకుండా ఎక్కేవాళ్లని ఆపేదానికి అది ఉండాల, నేను కాదనను, డబ్బులు పెట్టి కొనుక్కునే మాకు కూడా అట్ల ఎక్కేవాళ్లంటే కోపమే.

కానీ అదే 138లో ఇంకో మాట ఉంది, అది చదివినాక నేను లేచి కూర్చున్నా. సెక్షన్ 55 కింద రైల్వే ఉద్యోగి, అంటే ఆ అధికారం ఉన్నాయన, ప్రయాణానికి పర్మిషన్ ఇస్తూ సర్టిఫికెట్ ఇస్తే, అది చేతిలో ఉన్న మనిషి దగ్గర పెనాల్టీ తీసుకోకూడదు అని. అంటే టికెట్ తీసుకోలేకపోయిన మనిషి గురించి చట్టం రాసినోళ్లు ముప్పై ఏళ్లకి ముందే ఆలోచించినారు. ఒక చీటీ రాసిస్తే చాలు, తర్వాత చార్జీ కడితే సరిపోతుంది, మేమైతే ఆ చార్జీ కూడా ముందే కట్టేసినాం. ఆ చీటీ మాట మిషన్ మీద రాసుందా? లేదు. కౌంటర్ దగ్గర ఉందా? లేదు. యాప్ లో, టికెట్ బుక్ చేసిన మెసేజ్ లో ఉందా? లేదు. మా షాపుకి వచ్చే వాళ్లని ఒక ఇరవై మందిని అడిగినా, రోజూ రైల్లో తిరిగే వాళ్లని, ఒక్కరికి తెలీదు. గార్డు బోగీ దగ్గరికి పోయి (ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు, 2022లో పేరు మార్చినారు) "సార్ మిషన్ పోయింది, చీటీ ఇవ్వండి" అని అడగొచ్చని తెలిస్తే ఆరోజు నేను అమ్మకి ఆ మాటే చెప్పేవాడిని.

నేను మీ పోర్టల్లో ఫిర్యాదు కూడా పెట్టినా. నంబరు వచ్చింది, మూడో రోజు "రూల్ ప్రకారమే వసూలు చేశారు" అని మెసేజ్ వచ్చి ఫిర్యాదు మూసేసినారు. ఎవరూ ఆరోజు మిషన్ పనిచేసిందా లేదా అని చూసినట్టు లేదు. పోనీ ప్రింట్ తీయని ఆ 20 రూపాయలన్నా క్యాన్సిల్ చేసుకుందాం అంటే, జనరల్ టికెట్ క్యాన్సిల్ చేస్తే మనిషికి 30 కోత, మా టికెట్టే 10, ఇంగ వచ్చేదేముంది. అంటే ఒకే ప్రయాణానికి చార్జీ రెండు సార్లు, పెనాల్టీ ఒకసారి కట్టినాం.

ఆ 10 రూపాయలు మాకు ఎంత పెద్ద విషయమో కూడా చెప్తా. కరోనా తర్వాత ప్యాసింజర్లని స్పెషల్ అని పేరు పెట్టి కనీస చార్జీ 30 చేసినప్పుడు మా ఊరి ఆడోళ్లు చాలామంది రైలు మానేసి బస్సుకే పోయినారు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ 10కి తెచ్చినప్పుడు పూలు, కూరలు గంపల్లో పెట్టుకొని తిరుపతికి వచ్చేవాళ్లు ఎంత సంతోషపడినారో నేను చూసినా. అట్లాంటి బండిలో, అట్లాంటి చార్జీకి, మిషన్ పాడైనందుకు 250 అంటే ఒక మనిషి ఒక రోజు కూలి పోతుంది సార్.

నేను అడిగేది పెద్దదేం కాదు. రిజర్వేషన్ బండ్లలో టీటీఈల చేతికి చిన్న మిషన్లు ఇచ్చినారు, ఎవరు ఏ సీటో అందులో కనపడుతుంది. గేటు దగ్గర ఉండే టీసీకి కూడా బుకింగ్ నంబరు కొడితే డబ్బులు ఎన్నింటికి కట్టినారు, ఏ స్టేషన్ నుంచి, ప్రింట్ తీసినారా లేదా అని చూసే వీలు ఇవ్వండి. ప్రింట్ తీసిన టికెట్ ఇంకొకరు వాడుకుంటారేమో అనే భయం మీకుంటే అది న్యాయమే, కానీ ప్రింటే తీయలేదని మీ సిస్టమ్ లోనే ఉంటుంది గదా, ఇంగ భయం దేనికి. అది చేసేదానికి టైం పడుతుందంటే, అంతదాకా ప్రతి టికెట్ మిషన్ మీద తెలుగులో, తమిళంలో ఒక బోర్డు పెట్టించండి, ఇది పనిచేయకపోతే, కౌంటర్లో అందకపోతే, ఎవరి దగ్గరికి పోయి ఏ చీటీ అడగాలో. తమిళం ఎందుకంటున్నానంటే కాట్పాడి, వేలూరు నుంచి ఎంతమంది వస్తారో మీ లెక్కల్లోనే ఉంటుంది. మిషన్ పాడైన రోజు ఆ స్టేషన్ నుంచి ఎక్కినవాళ్ల విషయం దిగే స్టేషన్ వాళ్లకి ఒక ఫోన్ చేసి చెప్పినా చాలు.

ఇంగ మా అమ్మ సంగతి. 500 పెనాల్టీ వెనక్కి ఇప్పించండి, రెండోసారి తీసుకున్న 20 కూడా. అంతకంటే ముందు ఆ రసీదు మీద డబ్ల్యూ.టి కొట్టేసి, చార్జీ ముందే కట్టినారు, ప్రింట్ ఇవ్వలేకపోయినాం అని ఒక కాగితం రాసి పంపించండి. ఆమె పేరుకే పంపండి, నాకు వద్దు. పక్కింటి పిల్లోడు చదివి వినిపిస్తాడు.

రసీదు జిరాక్స్, బుకింగ్ మెసేజ్, బ్యాంకు మెసేజ్, ఆ క్యాలెండర్ కాగితం ఫోటో అన్నీ రిజిస్టర్ పోస్టులో మీ ఆఫీసుకి పంపినా. వచ్చే నెల రెండో చెకప్ ఉంది. ఈసారి బస్సుకే వస్తానంటా ఉంది అమ్మ, కుదుపులకి కన్ను నొప్పి పుడుతుందని డాక్టర్ వద్దన్నాడు. రైలుకే రామ్మా అని చెప్పేదానికి నాకు నోరు రావడం లేదు.

ఇట్లు,
తిరుపతి నుంచి, ఆమె పెద్ద కొడుకు