ఖతార్ పాత మిరాజ్‌లు కొంటున్నామా, లేదా?

గౌరవనీయులైన రక్షణ మంత్రి గారికి నమస్కారం.

ఇదే సంగతి అడుగుతూ ఒక కార్యాలయానికి రెండు ఉత్తరాలు రాశాను. ఉలుకూ పలుకూ లేదు, అందుకే నలుగురి ముందు అడుగుతున్నాను.

ఖతార్ దగ్గరున్న 12 మిరాజ్ 2000-5 యుద్ధ విమానాలు మనం కొంటామని 2024 నుంచి వినిపిస్తోంది. అవసరం లేదనను. మన వైమానిక దళానికి 42 స్క్వాడ్రన్లు (యుద్ధ విమానాల దళాలు) ఉండాల్సిన చోట, 2025 సెప్టెంబరులో పాత మిగ్-21 యుద్ధ విమానాలు సెలవు తీసుకున్నాక 29 మిగిలాయి, 2021లో ఆర్డరిచ్చిన 83 స్వదేశీ తేజస్ మార్క్ 1ఏ యుద్ధ విమానాలేమో ఇంజిన్ల కోసం ఎదురుచూస్తూ ఆలస్యమయ్యాయి. కానీ సెకండ్ హ్యాండ్ బైక్ కొన్నా మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్తాం కదండీ! ఖతార్ వాటి ఇంజిన్ మన దగ్గర ఇప్పటికే ఉన్న మిరాజ్‌ల ఇంజిన్ లాంటిదే, నిజమే, అయినా పాత విమానం పాతదే.

మాది హైదరాబాద్ దగ్గర, వైమానిక దళ అకాడమీ ఉన్న దుండిగల్ వైపు. మా వీధిలో ఒకావిడ కొడుకు ఫైటర్ పైలట్. పైన ట్రైనర్ విమానం శబ్దం కాస్త తేడాగా వినిపిస్తే చాలు, ఆరేయబోతున్న తడి చీర చేతిలోనే పట్టుకుని, ఆ శబ్దం దూరమయ్యేదాకా అలాగే నిలబడిపోతారు. 2019 ఫిబ్రవరి 1న బెంగళూరులో ఆధునీకరించిన మిరాజ్ కూలి ఇద్దరు పైలట్లు పోయిన రోజు ఆవిడ అన్నం ముట్టలేదు.

బేరం నడుస్తోందో లేదో పార్లమెంటులో చెప్పండి. నడుస్తుంటే ఒక్కో విమానం ఎన్ని గంటలు ఎగిరింది, ఇంకా ఎన్నేళ్లు ఎగరగలదు, విడిభాగాలతో కలిపి మొత్తం ఎంతవుతుంది, ఈ మూడూ సంతకానికి ముందే బయటపెట్టండి. రహస్యాలేవీ అడగడం లేదు.

ఇట్లు,
దుండిగల్ దగ్గరి ఒక పౌరుడు