సమాచారం ఇచ్చినవారి పేరు వీధిన పడితే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతికి ఊళ్లకు వెళ్లేవారు ఇంటికి తాళం వేసిన సంగతి పోలీసులకు చెప్పి వెళ్లాలని, అనుమానాస్పదంగా ఎవరైనా తిరుగుతుంటే వెంటనే 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయాలని ఏటా ప్రకటనలు చూస్తున్నాం. ఆ మాట నమ్మి ఫోన్ చేసిన నాకు ఎదురైన అనుభవాన్ని మీ పత్రిక ద్వారా ఉన్నతాధికారుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మొన్నటి పండగకు మా ఎదురింటివారు ఊరెళ్లారు. రెండో రోజు రాత్రి ఒంటిగంట దాటాక, నంబరు ప్లేటుకు గుడ్డ చుట్టిన బైకు మీద ఇద్దరు వచ్చి, ఆ ఇంటి గేటు తాళం పట్టుకుని చూసి, వీధి చివరిదాకా వెళ్లి మళ్లీ వచ్చారు. నేను ఫోన్ చేస్తే కంట్రోల్ రూమువారు మర్యాదగా వివరాలు రాసుకున్నారు. చిక్కంతా ఆ తర్వాతే. ఒక స్టేషన్‌వారు మా వీధి తమ పరిధిలోకి రాదన్నారు. రెండో స్టేషన్‌వారు ఏమైనా పోయిందా అని అడిగి, పోలేదంటే మరి కేసేముందన్నారు. నలభై నిమిషాలకు వచ్చిన కానిస్టేబుళ్లు వీధి మధ్యలో బండి ఆపి, “ఫోన్ చేసింది ఎవరండీ?” అని గట్టిగా కేకవేశారు. ఆ ఇద్దరూ చీకట్లో ఎక్కడైనా నిలబడి వింటుంటే మా ఇల్లు ఏదో వారికి తెలిసిపోయినట్టే. నా భార్యకు ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. మర్నాడు స్టేషన్‌లో నా పేరు, తండ్రి పేరు, ఆధార్ నంబరు రాసుకున్నారే తప్ప, నేను చెప్పింది నమోదైనట్టు చిన్న కాగితమైనా ఇవ్వలేదు.

నేరం జరిగిపోయాక ఫిర్యాదు చేసేవారికి చట్టం కొంత దారి చూపింది. కేసు పెట్టదగిన నేరం గురించి తెలిపితే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర హత్యకు గురైన పశువైద్యురాలి కుటుంబం, ఆమె కనిపించడం లేదని చెప్పడానికి వెళ్తే పరిధి పేరుతో తిప్పినందుకు ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం పరిధితో నిమిత్తం లేకుండా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. కానీ నేరం జరగకముందే ఆపాలని చెప్పేవారి సంగతేమిటి? దోపిడీ వంటి కొన్ని తీవ్ర నేరాలకు ఎవరైనా సిద్ధపడుతున్నారని తెలిసినా చెప్పడం పౌరుడి బాధ్యత అని అదే సంహిత 33వ సెక్షన్ అంటోంది. నేర సమాచారం ఎవరి ద్వారా అందిందో చెప్పాలని పోలీసు అధికారిని బలవంతపెట్టరాదని సాక్ష్య చట్టం చెబుతోంది. కోర్టులో సైతం బలవంతంగా రాబట్టకూడని పేరును అర్ధరాత్రి నడివీధిలో కేకవేసి అడగడం ఎలా సబబు?

యాప్‌లో చెప్పవచ్చు కదా అని కొందరంటారు. తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటా 2024లో హ్యాకర్ చేతిలో పడింది. నిందితుణ్ణి త్వరగానే పట్టుకున్నారు, నిజమే, కానీ ఆ వార్త చదివినవారికి బెరుకు అంత తొందరగా పోదు.

పోలీసులు వినకపోతే అనుమానం ఊరికే ఆగదు, వాట్సాప్‌లోకి చేరుతుంది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతితో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకులను చితకబాదారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణమే పోయింది. కొత్త మొహం కనిపించగానే దొంగ అనుకోవడం మన తప్పే. అది దొంగతనమో కాదో తేల్చవలసింది గుంపు కాదు, పోలీసులు. అందుకే ఆ మాట వారిదాకా చేరే దారి సాఫీగా ఉండాలి.

నేను కోరేది పెద్ద విషయమేమీ కాదు. ఫోన్ చేసినవారికి మెసేజ్‌లో ఒక నమోదు సంఖ్య పంపాలి. వచ్చిన సిబ్బంది ముందుగా అనుమానం ఉన్న చోటికి వెళ్లాలి, చెప్పినవారితో మాట్లాడవలసి వస్తే ఫోన్‌లోనే మాట్లాడాలి. వీటికి కొత్త చట్టం అక్కరలేదు. స్టేషన్ అధికారి ఒక్క మాట చెబితే ఈ రాత్రి గస్తీ నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హైదరాబాద్ శివారు