బోదకాలు మాత్రలు చేతిలో పెట్టి వెళ్లిపోతే చాలదు

జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి,

నమస్కారం. గత విడతలో ఫైలేరియా మాత్రలు పంచినప్పుడు మా వీధిలో వాటిని చేతిలో పెట్టి, పుస్తకంలో పేరు రాసుకుని వెళ్లిపోయారు. ఎదురింటి పెద్దమ్మ మాత్రలు ఇప్పటికీ దేవుడి గూట్లోనే ఉన్నాయి. "నా కాలు బాగానే ఉంది కదా నాయనా" అంటుంది.

ఆమె తప్పేమీ లేదు. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు నెత్తుటిలో ఏళ్ల తరబడి తిరుగుతున్నా కాలు వాచకపోవచ్చు. పగలు లోపలి రక్తనాళాల్లో దాక్కుని రాత్రి పైకి వస్తాయి. రక్తపరీక్ష రాత్రిపూట చేసేది అందుకే. ఈలోగా దోమలు వాటిని ఇరుగుపొరుగుకు మోస్తూనే ఉంటాయి. దోమ ఒంట్లో ఇవి ఎదగడాన్ని బ్రిటిష్ వైద్యుడు పాట్రిక్ మాన్సన్ 1877లోనే, చైనాలోని అమోయ్‌లో చూశాడు. సరైన మందుకు మాత్రం మరో 70 ఏళ్లు పట్టింది.

ఆ మందే మీరు పంచుతున్న డీఈసీ. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో అది రూపుదిద్దుకున్నప్పుడు అక్కడి పరిశోధనకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బోదకాలు తరతరాలుగా పీడించిన గోదావరి నేల అది! ఈ ఒక్క మాట మీ కరపత్రంలో వేస్తే మాత్రపై జనానికి కొంత మమకారమైనా కలుగుతుంది.

ఈసారి మీ సిబ్బందిని భోజనాలయ్యాక పంపండి, పరగడుపున వేసుకోకూడదు కదా. జ్వరమో తలనొప్పో వస్తే అది పురుగులు చస్తున్నందుకేనని ముందే చెప్పించండి. పెద్దమ్మ పాత మాత్రలు నేను వెనక్కి ఇప్పిస్తాను. కొత్తవి మాత్రం మీవాళ్లు దగ్గరుండి మింగించాలి.

ఇట్లు,
మీ జిల్లా పౌరుడు