రక్తం లెక్క

అమ్మలూ,

నా గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ ఆపరేషన్ రోజున నాన్నగారు థియేటర్ బయట నుంచి నీకు ఫోన్ చేసి, "రక్తం చాలా పోయిందట" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశారని నిన్ననే తెలిసింది. బెంగళూరులో ఒక్కదానివి, రాత్రంతా ఎంత హడలిపోయావో! ఆ "చాలా" ఎంతో నేను చెబుతాను. ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పినదాన్ని, కేస్ షీటు అడగకుండా ఊరుకుంటానా?

పోయింది 650 మి.లీ. సక్షన్ సీసాలో చేరింది కొలిచి, రక్తం పీల్చిన గుడ్డల్ని తూకం వేసి, పొడి గుడ్డల బరువు తీసేసి కలుపుతారట. గ్రాముకి ఒక మిల్లీలీటరు. మనిషి ఒంట్లో కిలోకి సుమారు 70 మి.లీ. రక్తం అనుకుంటే నా 56 కిలోలకి 3.9 లీటర్లు. అంటే ఆరో వంతు పోయింది. కాలేజీలో నువ్విచ్చినప్పుడు 350 తీశారు కదా, అలాంటివి రెండు బ్యాగులకి కాస్త తక్కువ.

నాది తొలి దశే అయినా గడ్డ రెండు సెంటీమీటర్లు దాటింది. గర్భసంచి ఒక్కటే తీస్తే చాలదట. దాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే కణజాలం, లింఫు గ్రంథులు కూడా తీయాలి. డాక్టరమ్మ బొమ్మ గీస్తుంటే నాకు పి.గన్నవరం అక్విడక్టే గుర్తొచ్చింది. కింద వైనతేయ నది, పైన కాలువ. ఇక్కడా అంతే, కింద మూత్రనాళం, దాని మీదుగా గర్భసంచికి వెళ్లే రక్తనాళం. పైదాన్ని ముడివేసి కోయాలి, కిందిదానికి దెబ్బ తగలకూడదు. ఆ చుట్టూ సిరలు వలలా అల్లుకుని ఉంటాయి. రక్తం ఎక్కువగా పోయేది అక్కడేనట.

చిన్న రంధ్రాలతో చేయించుకుంటే పోయేది కాదు కదా అని తమ్ముడితో అన్నావట. నిజమే, అందులో తక్కువే పోతుంది. నేనూ అదే అడిగాను. 2018లో ఒక పెద్ద అధ్యయనం వచ్చిందట. ఈ జబ్బుకి రంధ్రాలతో చేయించుకున్నవాళ్లలో నాలుగున్నరేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా బతికున్నవాళ్లు 86 శాతం, పొట్ట కోసి చేయించుకున్నవాళ్లలో 96.5 శాతం. రక్తం మళ్లీ ఊరుతుందిలే అనుకుని కోతకే సంతకం పెట్టాను.

నాకు సిగ్గేసేది వేరే సంగతి. ముట్లుడిగిన రెండేళ్లకి మళ్లీ మరకలు కనబడితే ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. చెప్పాక మొదట చూపించుకున్నచోట లోపల పరీక్షే చేయకుండా మాత్రలిచ్చి పంపారు. విశాఖకి వచ్చేసరికి హిమోగ్లోబిన్ 8.6. నరానికి ఐరన్ ఎక్కించి, మూడు వారాలాగి, 10.8 అయ్యాకే కత్తి పట్టారు. 8.6తోనే బల్ల ఎక్కి ఉంటే నాన్నగారి కంగారుకి అర్థం ఉండేది. రెండు బ్యాగులు సిద్ధంగా ఉంచారు గానీ, 7 కిందికి పడితేనే ఎక్కిస్తాం అన్నారు. నాది 9.1 దగ్గర ఆగింది. మీ బావ బదులిచ్చిన రక్తం ఇంకెవరికో ఎక్కి ఉంటుంది.

ఆషాఢానికి నీకు ముప్పై నిండుతాయి. గర్భసంచి ముఖద్వారానికి చేసే క్యాన్సర్ పరీక్ష చేయించుకో. నాలాగా మొహమాటపడకు.

మూత్రం సంచి ఇంకా తగిలించే ఉంది, అదొక్కటే చికాకు. బయాప్సీ రిపోర్టు శుక్రవారం వస్తుంది. రాగానే ఫోన్ నేనే చేస్తాను, నాన్నగారి చేతికివ్వను.

అమ్మ