సింకు కింద ఉబ్బిన ప్లైవుడ్ గురించి

ఇంకెవరి ద్వారానో తెలిసేలోపు నేనే చెప్పేస్తున్నాను. పోయిన శ్రావణం నుంచి సంక్రాంతి దాకా మేం బిగించిన 9 కిచెన్లలో కింది వరుసకు వాడిన ప్లైవుడ్ మేం మాటిచ్చిన రకం కాదు. బిల్లులో 710 గ్రేడ్ (నీళ్లకు తట్టుకునే మెరైన్ ప్లై) అనే ఉంది, షీటు మీద ముద్రా అదే. వచ్చింది మాత్రం మామూలు కమర్షియల్ ప్లై.

ఎంవీపీ కాలనీలో ఒక మేడమ్ గారు ‘సింకు కింద తలుపు పట్టడం లేదు బాబూ’ అని ఫోన్ చేస్తే, హింజ్ బిగించి వచ్చేద్దామని వెళ్లాను. తలుపు బాగానే ఉంది, అడుగు పలకే ఉబ్బింది. వేలితో నొక్కితే టీలో ముంచిన బిస్కెట్‌లా దిగబడింది. షాపులో మిగిలిన ముక్కను ఇంటికి తెచ్చి పాత గిన్నెలో ఉడికించాను. 710 అంటే 72 గంటలు మరిగినా పొరలు విడిపోకూడదు. ఇది రెండో గంటకే పుస్తకంలా విచ్చుకుంది. ఇల్లంతా జిగురు కంపు, మా ఆవిడ తిట్లు అదనం.

సరుకిచ్చినాయనతో 12 ఏళ్ల పరిచయం. అడిగితే ‘వైజాగ్ కదా సార్, సముద్రం గాలి’ అన్నాడు. కడుపు మండిపోయింది. సముద్రం ఉందనే కదా నేను 710 అడిగింది! ముద్రలోని లైసెన్స్ నంబరు, ఐఎస్ఐ మార్కులు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే వేరే కంపెనీ పేరొచ్చింది. లోడు దిగిన రోజే నేను చేయాల్సిన పని అది. పరిచయస్తుడే కదా అని వదిలేశాను. ఆ తప్పు నాదే.

8 ఇళ్ల సంగతి తేలికే. తొమ్మిదోదే నిద్ర పట్టనివ్వలేదు. ఆ ఇంటి ఓనరు గారు ఫ్లాటు అమ్మేముందు రేటు బాగా వస్తుందని కిచెన్ చేయించారు, వచ్చింది కూడా. కొన్నవాళ్లు నాకు రూపాయి ఇచ్చినవాళ్లు కాదు, మొహం కూడా తెలియదు. పాత ఓనరు గారు ‘అయిపోయిన పెళ్లికి మేళమెందుకయ్యా’ అన్నారు. మా అబ్బాయిదీ అదే మాట. మూడు రోజులు నాలో నేనే మథనపడ్డాను. ఆ కిచెన్ చూపించే కదా వాళ్ల దగ్గర ఎక్కువ తీసుకున్నారు? నాలుగో రోజు వెళ్లి బెల్ కొట్టాను. ఏదో అమ్మడానికొచ్చాననుకుని ఆవిడ తలుపు వేయబోయారు.

9 ఇళ్లకూ కింది వరుస మొత్తం మారుస్తాం, ఖర్చు మాదే. గ్రానైట్ కదపం, ఇంటికి రెండు రోజులు పడుతుంది, వరుసగా ఫోన్ చేస్తాం. డబ్బు వెనక్కి కావాలన్నా ఇస్తాను కానీ ఆ ప్లై మీ ఇంట్లో ఉండనివ్వను.

ఇంకోటి. ‘ఎలాగూ అమ్మేసేదే, చవక ప్లై వేసి పైన మంచి మైకా అంటించండి’ అని అడిగేవాళ్లున్నారు. నేను చేయను, వేరేవాళ్లను చూసుకోండి. కొనడానికి వచ్చినవాళ్లు సింకు కింద తలుపు తెరుస్తారు, బాత్రూం గోడ అవతల చెమ్మ మరకలు వెతుకుతారు. ఫాల్స్ సీలింగ్‌కు పెట్టే డబ్బుతో బాత్రూం వాటర్‌ప్రూఫింగ్ చేయించుకోండి. నాకు నాలుగు డబ్బులు మిగిలేది సీలింగ్‌లోనే, అయినా చెప్తున్నాను.

ఇప్పుడు వేరే చోట తెచ్చిన లోడులోంచి కోసిన ముక్క షాపు వెనకాల పొయ్యి మీద ఉంది. ఇవాళ మూడో రోజు. చూడాలనుకుంటే రండి, సాయంత్రం ఆరింటికి దించుతాను.